గుట్ట దిగిపోయినోడు

1948 అక్టోబరు. మెదక్‌కు ఉత్తరాన, ఊళ్లకు దూరంగా ఉన్న అడవి గుట్టలు. పొద్దుటి నుంచి వాన. మెదక్ బజారులో దర్జీ పని చేసే ఎల్లం కోసం అతని తల్లి కిష్టవ్వ, భార్య బాలమణి గుట్ట ఎక్కుతున్నారు.

"జర ఆగు పిల్లా! ఓ బాలమణీ! ఆగుమంటే ఆగవేందే?"

"ఆగితే తడుస్తం అత్తా."

"నడిస్తే తడుస్తలేమా? నా మోకాళ్లు నాకు చెప్పకుండనే ఎనుక కూసున్నయి. నేనొక్కదాన్నే పైకొస్తున్న."

"చెయ్యియ్యి. ఆ బండ మీద కాలు పెట్టకు, పాకురు పట్టింది. పక్కన పెట్టు. ఆఁ, గట్ల."

"నువ్వు మేకపిల్ల తీరు ఎక్కుతున్నవ్. ఎంత ఎక్కినా ముంగట ఇంకో గుట్టనే కనపడ్తుందేందే? ఇది అయిపోయేదేనా?"

"కింద ఊర్ల ఏం చెప్పిన్రు? పెద్ద గుండు దాటితే మేకల గుడిసె కనపడ్తదన్నరు గదా. ఆడ ఒక ముసలామె ఉంటదట. ఈ గుట్టల చీమ తిరిగినా ఆమెకు తెలుస్తదట."

"పెద్ద గుండంట! ఈడ అన్నీ పెద్ద గుండ్లే. మొగులు సూడు, నెత్తి మీదికే దిగొచ్చింది. వాన పడుతుందో, మనమే పోయి మబ్బుల దూరినమో సమజైతలేదు."

"గోనెసంచి జర ముంగటికి గుంజుకో. నొసలు తడుస్తుంది."

"నా నొసలు సంగతి ఇడువు. వాడు ఈడనే ఉన్నడంటవా?"

"ఉంటడు."

"యూనియన్ మిలిట్రీ వచ్చింది. నిజాం రాజు చేతులెత్తిండు. రజాకార్లు ఏడికాడికి ఉరికిన్రు. ఊర్లిడిసి పోయినోళ్లందరు వచ్చిన్రు. జైల్ల ఉన్నోళ్లు గూడ వచ్చిన్రు. మన గల్లీల భూమయ్య వచ్చి, మేకను గూడ కోసిండు. నా కొడుకొక్కడే రాకపాయె."

"ఆయనకు తెల్వదు అత్తా. ఈ గుట్టల ఎవరొచ్చి చెప్తరు? ఇంకా రజాకార్లు తిరుగుతున్నరనే అనుకుంట ఏ గుహలనో దాక్కున్నడు."

"గదే, నేను గూడ గదే అంటున్న."

"మనం పోయి చెప్తే అయిపాయె. మన ఎంబడే దిగుతడు."

"దిగుతడు. దిగక ఏం జేస్తడు? అగో, అదేందే? ఆ బండ కింద నల్లగ?"

"గుహ అత్తా. నువ్వు ఈడనే నిలబడు, నేను పోయి సూస్త."

"ఒక్కదానివి పోకు! లోపల ఎలుగుబంటి ఉంటే? ముందుగాల పిలువు."

"నువ్వు పిలువు."

"ఎందుకే, నీకు నోరు లేదా?"

"పేరు పెట్టి ఎట్ల పిలుస్త అత్తా?"

"ఈ వానల, ఈ అడవిల గూడ మొగని పేరు చెప్పవా? మంచి పిల్లవే నువ్వు! ఎల్లం! ఓ ఎల్లా! బిడ్డా, నేనురా, అవ్వను! పలుకుతలేడు పిల్లా."

"లోపల ఎవరు లేరు అత్తా. గని బూడిది ఉంది. రాళ్లు పెట్టి పొయ్యి చేసిన్రు."

"ఎచ్చగుందా?"

"లేదు. సల్లగుంది. ఎప్పటిదో."

"ఎవరిదో. గొల్లోళ్లది కావచ్చు. నడువు, నడువు. ఉత్త బూడిదికి ఎందుకు నిలబడ్డవ్?"

"ఏం లేదత్తా. ఈడ పండుకుంటే కాళ్లు బయటికే ఉంటయి. ఆయన పొడుగు."

"వాని అయ్య గూడ పొడుగే. నడువు పిల్లా, మల్ల వాగు పొంగితే మనం ఈ ఒడ్డునే ఉంటం."

"అత్తా, గునుగు పువ్వు సూడు. గుట్టంత తెల్లగ పూసింది."

"వచ్చింది మొగని కోసమా, బతుకమ్మకు పువ్వు కోసమా? ముడుసుకోకు, ముడుసుకోకు. పోయేటప్పుడు వాడే కోసిస్తడు తీ."

"అత్తా..."

"ఏంది?"

"కనపడంగనే నువ్వే ముందుగాల మాట్లాడు. నాకు సిగ్గైతది."

"పెండ్లైన యాడాదికి గూడ సిగ్గేందే?"

"యాడాదిల ఆయన ఇంట్ల ఉన్నదెంత? పొద్దున జొన్న గటుక తాగి దుకాణానికి పోయిండు, పగటికి వస్త అన్నడు. అటెనుక నేను మొఖం సూసిన్నా?"

"నేను సూసిన్నా మరి? జెండా కుట్టినందుకు ఇంత శిక్షా, తల్లీ! మూడు రంగుల బట్ట కుట్టిండు గని, మనిషిని పొడిసిండా?"

"ఒక్కటా అత్తా? ఊరూరికి కుట్టిచ్చిండు. మిషను చప్పుడు బయటికి పోవద్దని నేను పక్కన రోలు దంచుతుంటి."

"ఏందీ? రోట్ల వడ్లుండె అనుకున్న నేను!"

"ఉత్త రోలే."

"అయ్యో నా మొఖం మండ! కోడలు పనిమంతురాలని గల్లీలంత చెప్పుకున్నగదనే. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నోరుపెట్టి ఒర్రుతవని."

"ఒర్రేదాన్నే. ఒర్రితే వాడు ఇంట్ల ఉంటుండె."

"ఇప్పుడెందుకత్తా గవన్ని? ఉస్తాద్ పుణ్యాన పానంతోటి బయటపడ్డడు గదా."

"గది నిజమే. మదార్ సాబ్ సల్లగుండాలె. చిన్నగున్నప్పటి సంది దుకాణంల పెట్టుకొని సూది పట్టుడు నేర్పిండు, తురకం మాట్లాడుడు నేర్పిండు. రజాకార్లు దుకాణం ముంగట నిలబడితే ఎనుక దర్వాజకెల్లి దాటిచ్చిండు. ఎట్ల దాటిచ్చినవ్ సాబ్ అంటే చెప్పకపాయె. 'నీకు తెల్వకుంటేనే మంచిది మా, ఎవరన్న అడిగితే నీ మొఖంల కనపడ్తది' అన్నడు."

"ఆయనన్న ఉంటే, ఏ దిక్కు పంపిండో అడుగుదుము."

"ఏడున్నడు? మిలిట్రీ రాంగనే దుకాణానికి తాళమేసి, పిల్లల్ని తీస్కొని పట్నం పోయిండు. భయమైంది పాపం. అగో, కుక్క మొరుగుతుంది! ఇన్నవా?"

"పొగ గూడ కనపడ్తుంది. అత్తా, గుడిసె! అదే గుడిసె!"

"ఎవలు వాళ్లు? ఆడనే ఆగుండ్రి! కుక్క కరుస్తది!"

"మేము ఆడోళ్లం అవ్వా! మెదక్ నుంచి వచ్చినం! కుక్కను పట్టుకో!"

గుట్ట మీద, మేకలు కాసే ముసలామె ఆగమ్మ గుడిసె.

"లోపలికి రాండ్రి. తల వంచుండ్రి, దూలం తాకుతది. పొయ్యి కాడ కూసోండ్రి. మెదక్ నుంచి ఈ వానల, ఇంత దూరం? మిమ్ముల ఎవలు పంపిన్రు?"

"ఎవరు పంపలే. నా కొడుకు కోసం వచ్చిన అవ్వా. ఇది నా కోడలు."

"మిలిట్రోళ్లు పంపలే గదా?"

"మమ్ముల సూస్తే మిలిట్రీ లెక్క కనపడ్తున్నమా? దీనికి కుక్కను సూస్తేనే వణుకు."

"ఏమో చెల్లె, రోజులు మంచియి గావు. నిరుటి సంది ఈ గుట్ట ఎక్కినోడు ఎవడూ మేకల కోసం ఎక్కలే. ఒకడు తుపాకి పట్టుకొని ఎక్కె, ఒకడు తుపాకికి భయపడి ఎక్కె. నీ మొగని పేరేంది బిడ్డా?"

"అది చెప్పదు. మొగని పేరు దాని నోట్లెకెల్లి రాదు. ఎల్లం. దర్జీ ఎల్లం. పొడుగ్గ ఉంటడు, సన్నగ."

"ఎల్లం... లేదు చెల్లె. ఎల్లం అనేటోడు ఈడికి రాలే."

"మంచిగ యాది చేసుకో అవ్వా."

"యాది చేసుకునేదేముంది? ఈడున్నది నేను, మేకలు. ఎవలన్న వస్తే నాకు తెల్వదా? ఎల్లం అనేటోడు రాలే."

"సూసినవా పిల్లా, నేను చెప్పలే? ఇంత దూరం గుంజుకొచ్చినవ్..."

"అవ్వా, ఈ గోనెసంచి ఎవరు కుట్టిన్రు?"

"ఏ సంచి?"

"గీ దర్వాజకు కట్టిన సంచి. అత్తా, ఇటు రా. సూడు. ఎంత ఇరుకు కుట్టో సూడు. మూల కాడ మలిపి మల్ల కుట్టిండు. ఆయన అంగి జేబుకు గిట్లనే కుడతడు. అవ్వా, ఎవరు కుట్టిన్రు చెప్పు."

"అది... మస్తాన్ కుట్టిండు."

"మస్తాన్ ఎవరు?"

"ఫకీరు. ఎండకాలంల వచ్చిండు. పచ్చ లుంగీ, పూసల దండ, తెల్ల టోపీ. మాపున పొద్దున నమాజు చేసేటోడు. తురకం మస్తుగ మాట్లాడేటోడు. రజాకార్లు గుట్టెక్కి వచ్చినా, 'సలాం బాబా' అని దండం పెట్టిపోయిన్రు."

"ఫకీరా? మరి వీడు కాదే పిల్లా. సంచి ఎవరైన కుడతరు."

"ఆగు చెల్లె, చెప్పనీ. నేను గూడ ఫకీరనే అనుకున్న. వానలు మొదలైనంక జరం వచ్చింది. ఒళ్లు కాలిపోతుంది. ఆ జరంల 'ఎల్లమ్మ తల్లీ, ఎల్లమ్మ తల్లీ' అని ఒకటే కలవరించుడు. ఫకీరుకు ఎల్లమ్మ తల్లి ఎందుకు యాదికొస్తది? గప్పుడే నాకు సమజైంది. సమజైనా నేను అడగలే. ఆయన చెప్పలే."

"జరంల ఇంకేమన్నడు అవ్వా?"

"ఇంకేందో రోలు అంటుండె. 'రోలు ఆపు పిల్లా, మిషను ఆగింది, ఇగ చాలు, నీ చేతులు నొస్తయి' అని. ఏం రోలో, ఏం మిషనో. ఏమైందే బిడ్డా? ఎందుకు ఏడుస్తున్నవ్?"

"ఆయనే అత్తా! ఆయనే!"

"నా కొడుకే! అవ్వా, నీ కాళ్లు మొక్కుత. ఏడి? ఏడున్నడు? మేకల ఎంబడి పోయిండా?"

"లేడు."

"లేడంటే?"

"అయ్యో, గట్ల మొఖం పెట్టకు చెల్లె! మంచిగున్నడు. జరం తగ్గింది. ఇంటికి పోయిండు."

"ఇంటికి? మా ఇంటికా?"

"మరి ఎవలింటికి పోతడు?"

"సూసినవానే పిల్లా! మనం ఇటొచ్చినం, వాడు అటు పోయిండు! ఇప్పుడు తాళం సూసి ఆకిట్ల కూసుంటడు. పక్కింటి జ్ఞానమ్మ బుక్కెడు బువ్వన్న పెడ్తదో లేదో. లే, లే, దిగుదాం!"

"ఉండుండ్రి, జర అంబలి తాగి పోండ్రి. ఇన్ని రోజులు నా కొడుకు తీరుగనే ఉండె. నాకు ఎవలున్నరు? వాన లేని నాడు ఆ కొన బండ మీద కూసుండి దక్షిణం దిక్కు సూస్తుండె. మెదక్ చర్చి శిఖరం కనపడ్తుందవ్వా అనేటోడు. నేను పోయి సూస్తే ఏం కనపడకపోయేది. ఏది బిడ్డా అంటే, అగో, అగో అనేటోడు."

"వానికి చిన్నప్పటి సంది గంతే. లేనిది సూపిస్తడు. తాగు పిల్లా, జల్ది తాగు. ఏం సోంచాయిస్తున్నవ్?"

"అవ్వా, ఎప్పుడు పోయిండు?"

"ఎప్పుడంటే... మిలిట్రోళ్ల గాలిమోటర్లు గుట్ట మీదికెల్లి పోయినయి గదా. అటెనుక కింద ఊర్ల డప్పు సాటింపు చేసిన్రు, నిజాం ఓడిపోయిండని. మేకలకు ఉప్పు కోసం పోతే నేనే ఇనొచ్చి చెప్పిన. అది ఇన్న తెల్లారే దిగిండు."

"అంటే బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస కన్న ముందుగాలనా?"

"చాన ముందుగాల. ఎందుకు బిడ్డా?"

"మేము మొన్ననే ఇల్లిడిసినం అవ్వా."

"మరి... ఇల్లు చేరలేదా?"

"చేరలే."

"చేరకపోతే ఏమైతదే? గట్ల గొంతు మార్చకు. తొవ్వల జరం మల్ల వచ్చి ఎవరింట్లనో పండుకున్నడు కావచ్చు. లేకుంటే ఉస్తాద్‌ను సూద్దామని పట్నం పోయిండు కావచ్చు. వానికి ఉస్తాద్ అంటే పానం."

"అవ్వా, దిగేటప్పుడు ఏం తొడుక్కున్నడు?"

"ఉన్నదే తొడుక్కున్నడు. ఇంకేమున్నయి ఆయన కాడ?"

"పచ్చ లుంగీ?"

"ఆఁ."

"టోపీ?"

"టోపీ గూడ. నేనే అన్న బిడ్డా, తొవ్వల ఇంకా రజాకార్లు ఉన్నరో ఏమో, ఇల్లు చేరేదాక ఆ టోపీ తియ్యకు అని."

"గడ్డం?"

"గుండెల దాక పెరిగింది. కత్తెర ఉంది గదా, కోసుకో అంటే నవ్విండు. 'గడ్డంతోటే పోయి మా ఆకిట్ల నిలబడి బిచ్చమడుగుత అవ్వా, నా పెండ్లాం గుర్తు పడ్తదా లేదా సూస్త' అన్నడు. ఆ కత్తెర సంచిల ఏసుకొని, పిల్లగాడు ఉరికినట్టు ఉరికిండు. ఈ వాననే ఉండె ఆ దినం గూడ."

"బాలమణీ. గ్లాసు కింద పెట్టు. అంబలి ఒలుకుతుంది."

"అత్తా... మన వాగు కాడ..."

"వాగు కాడ ఏముంది? ఏం లేదు. లే, దిగుదాం."

"ఆ వారంల వాగు కాడ ఫకీరును..."

"నోరు మూసుకో!"

"ఏ ఫకీరు? ఏమైందే బిడ్డా? చెల్లె, దాన్ని చెప్పనీ."

"బయటి ఊర్లకెల్లి గుంపు వచ్చింది అవ్వా. కట్టెలు పట్టుకొని. రజాకార్లు దొరకలే. ఒక ఫకీరు వాగు దాటి వస్తుంటే దొరికిండు."

"అయ్యో! బిచ్చమెత్తుకునేటోడు ఏం పాపం చేసిండు?"

"సంచిల కత్తెర దొరికిందట."

"కత్తెర ఎవరి కాడైన ఉంటది! ఫకీర్లు లోకంల ఒక్కడే ఉన్నడా? దర్గా కాడ సూడు, ఎంతమంది ఉంటరో! నీకు పిచ్చి లేసింది పిల్లా."

"ఫకీరుకు కత్తెర ఎందుకు, వీడు రజాకారే అన్నరట అత్తా. నేను మీవోన్నే, నాది ఈ ఊరే అన్నడట. మనోళ్ల పేరు ఏదో గూడ చెప్పిండట. పానం మీదికొస్తే అందరు గట్లనే అంటరని..."

"నీకెవరు చెప్పిన్రే ఇవన్ని?"

"బాయి కాడ చెప్పుకున్నరు. చెప్పుకుంట నవ్విన్రు గూడ. నేను ఇన్న. ఏం పేరు చెప్పిండు అని గూడ అడగలే అత్తా. బిందె ఎత్తుకొని ఇంటికొచ్చిన."

"తల్లీ ఎల్లమ్మా! నా నోరు పడిపోను! టోపీ తియ్యకని నేనే చెప్తినే..."

"నువ్వేం జేస్తవ్ అవ్వా. ఇన్ని దినాలు బువ్వ పెట్టినవ్. అత్తా, మాట్లాడు. కాదని అను. నువ్వు కాదంటే కాదు. ఆ తెల్లారి నువ్వు బట్టలుతక వాగుకే పోయినవ్ గదా. ఆడనే ఉండెనట గదా, మున్సిపాలిటీ బండి వచ్చేదాక. నువ్వు సూసినవా? సూసే ఉంటవ్. ఆయన గాదు గదా? కన్నతల్లివి, నీకు తెల్వదా? చెప్పత్తా, ఆయన గాదు గదా?"

"బోర్ల పడి ఉండె పిల్లా. అందరు ముక్కు మూసుకొని పక్కకెల్లి పోయిన్రు. నేను గూడ పోయిన. పోయి, మల్ల ఎనుకకు వచ్చిన. మొఖం సూద్దామని భుజం మీద చెయ్యి గూడ పెట్టిన. పరాయోని మొఖం సూసి నేనేం జేస్త అనుకొని చెయ్యి తీసిన... ఏ తల్లి ఎదురు సూస్తుందో పాపం అనుకుంట, గుప్పెడు మన్నేసి ఇంటికొచ్చిన."